మిత్రబృందంతో వండూర్ యాత్ర

విహారయాత్ర అనగానే మన ఉద్యోగుల కుటుంబాలలో ముందుగా రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. సెలవు దొరుకుతుందా? డబ్బు సరిపోతుందా? మిత్రులతో కలసి వెళ్ళదలచినప్పుడు మూడవ ప్రశ్న ఒకటి ఉంటుంది. దానిని సాధారణంగా ఎవరూ పైకి అడగరు. బయలుదేరే వారందరి ఆర్థికస్థితి ఒకటేనా? ఈ ప్రశ్నకు సమాధానం వెతకకుండా వేసుకొన్న ప్రణాళిక ఎంత చౌకదైనా, బృందంలో ఎవరో ఒకరికి భారంగానే పరిణమిస్తుంది. మేము ఎనిమిది మందిమి ఒక ఏడాది పాటు పొదుపు చేసి, గత ఫిబ్రవరిలో అండమాన్ దీవులలోని వండూర్‌కు వెళ్ళి వచ్చాము. ఆ యాత్ర ఏర్పాట్లలో మాకు ఉపయోగపడిన సంగతులు తోటి ఉద్యోగులకు, వారి కుటుంబాలకు పనికివస్తాయన్న ఉద్దేశంతో ఈ వ్యాసాన్ని అందిస్తున్నాము.

మా బృందంలో ఇద్దరు ఇంజనీర్లు, ముగ్గురు టెక్నీషియన్లు, ఒక కార్యాలయ సహాయకుడు, పదవీ విరమణ చేసిన ఒక ఫోర్‌మన్, ఒక కాంట్రాక్టు కార్మికుడు ఉన్నారు. అందరమూ విశాఖపట్నంలో ఒకే విభాగంలో చెమటోడ్చినవారమే. క్యాంటీన్‌లో ఒకే బల్ల దగ్గర కూర్చొనే వారమే. నెలాఖరున ఇంటికి తీసుకువెళ్ళే మొత్తాలు మాత్రం వేరువేరు.

యానాం నేర్పిన పద్ధతి

ఉమ్మడి ఖర్చుతో యాత్ర చేయడం మాకు యానాంలో అలవడింది. అంతకు ముందు సంవత్సరం ఒక ఆదివారం నాడు మేమందరం రైలులో కాకినాడ చేరి, అక్కడి నుండి బస్సులో యానాం వెళ్ళాము. కాకినాడకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న ఈ చిన్న పట్టణం చుట్టూ ఆంధ్రదేశమే ఉన్నా, శతాబ్దాల పాటు ఫ్రెంచి వారి ఏలుబడిలో ఉండిపోయింది. 1954 జూన్ 13న ఇక్కడ ఫ్రెంచి పాలనకు తెరపడింది. 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశంలో విలీనం పూర్తి అయింది. బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను నిషేధిస్తూ 1929లో శారదా చట్టం వచ్చిన తరువాత, చుట్టుపక్కల జిల్లాల నుండి పెళ్ళిబృందాలు యానాం తరలివచ్చేవట. అందుకే దానికి కల్యాణపురమన్న పేరు కూడా వచ్చింది. సరిహద్దు దాటితే చట్టం మారిపోయే రోజుల చరిత్ర అది.

ఆ ఒక్కరోజు ప్రయాణంలో మేము ఒక నియమం పెట్టుకొన్నాము. బయలుదేరే ముందే అందరమూ సమానమైన మొత్తాన్ని ఒకే సంచిలో వేశాము. ఆ సంచి కార్యాలయ సహాయకుడి వద్ద ఉంచాము. టీ మొదలు రైలు టిక్కెట్టు వరకు చెల్లింపులన్నీ ఆయన చేతి మీదుగానే జరిగాయి. తిరుగు రైలులో లెక్క చదివి వినిపించి, మిగిలిన చిల్లరను ఎనిమిది భాగాలు చేశారు. 'ఈసారి నేనిస్తాను, మరోసారి మీరివ్వండి' అన్న మొహమాటానికి చోటు లేకపోయింది. యానాం యాత్ర అంత హాయిగా సాగడానికి ఆ సంచియే కారణమని అందరూ అంగీకరించారు.

మరుసటి ఏడాది దూరప్రయాణం చేయాలని సంకల్పించినప్పుడు కొందరు పుదుచ్చేరి అన్నారు. యానాం చూసిన కంటితో దాని పెద్దక్కనూ చూడాలన్నది వారి అభిలాష. మా ఫోర్‌మన్ గారు మాత్రం అండమాన్ అన్నారు. మన్యం పోరాటంలో పట్టుబడిన వీరులను పంపిన చోటు చూడాలన్నది ఆయన చిరకాల వాంఛ. సముద్రాన్ని నిత్యం చూస్తున్నా ఓడ ఎక్కని వారమే కావడంతో ఎక్కువ మంది ఆయన వైపు మొగ్గారు.

వండూర్‌ను ఎంచుకొన్న వైనం

అండమాన్ వెళ్ళేవారిలో అధికసంఖ్యాకులు ముందుగా తలచుకొనేది స్వరాజ్ ద్వీప్‌ను. 2018 డిసెంబరు వరకు దాని పేరు హేవ్‌లాక్. మా మొదటి చిత్తుప్రతిలో కూడా ఆ ద్వీపమే ఉంది. రాజధాని నుండి అక్కడికి వేగంగా పోయే ప్రైవేటు పడవలు, తీరాన బసలు, నీటి క్రీడలు అన్నీ కలిపి లెక్కవేసి కాగితం అందరికీ చూపించాము. రెండు రోజుల తరువాత కాంట్రాక్టు కార్మికుడైన మా మిత్రుడు, "ఇంటి దగ్గర కొంచెం పనుందండీ, మీరు వెళ్ళిరండి. ఫోటోలు చూపిస్తే చాలు" అన్నాడు. ఆ మాట వెనుక ఉన్న అర్థం ఎవరికైనా తెలిసేదే.

అతని వాటాను తాము భరిస్తామని ఇంజనీర్లు ముందుకు వచ్చారు. సదుద్దేశమే. కాని ఫోర్‌మన్ గారు వారించారు. "సాయం పుచ్చుకొని వచ్చినవాడు టీ అడగడానికి కూడా సంకోచిస్తాడు. ఆ పది రోజులూ మనతో ఉన్నట్టే ఉంటాడు గాని మనతో ఉండడు" అన్నారు. అతని ఆత్మాభిమానం మాకు తెలియనిది కాదు. అందుచేత డబ్బు ఇవ్వడానికి బదులు ప్రణాళికనే మార్చాలని నిశ్చయించాము. బృందంలో అతి చిన్న సంచి ఎవరిదో, ఆ సంచి కొలతకే యాత్రను కుట్టుకోవాలన్నది మా తీర్మానం. అతనిని ఎదుట కూర్చోబెట్టుకొని, నెలకు ఎంత తీయగలడో అతని నోటనే చెప్పించాము. 1,500 రూపాయలు అన్నాడు. పన్నెండు నెలలకు 18,000. అదే అందరి వాటా అయింది.

ఆ మొత్తంలో స్వరాజ్ ద్వీప్ ఇమడదు. అప్పుడు మా దృష్టి వండూర్ పైకి మళ్ళింది. వండూర్ దక్షిణ అండమాన్ ప్రధాన ద్వీపంలోనే ఉంది. రాజధానికి సుమారు 25 కిలోమీటర్లు. ప్రైవేటు పడవ ఎక్కనక్కరలేదు, ప్రభుత్వ బస్సులోనే చేరవచ్చు. పగడపు దీవులకు వెళ్ళే రేవు కూడా అక్కడే ఉంది. ఖర్చు తగ్గించుకోవడానికి ఎంచుకొన్న ఊరే అయినా, చూడదగిన వాటి విషయంలో అది ఎవరికీ తీసిపోదు.

చౌక అంటే ఏమిటి?

అండమాన్ రాజధానిని 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలిచేవారు. ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం. విశాఖపట్నం నుండి సముద్రమార్గంలో సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండున్నర రోజుల ప్రయాణం. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుండి ఓడలు నడుస్తాయి. అయితే విశాఖ నుండి ఓడలు తక్కువ. తేదీలు కూడా ఎంతో ముందుగా తెలియవు. ఓడలో బంక్ తరగతి టిక్కెట్టు విమానపు టిక్కెట్టు కంటే ఎంతో చౌక. అందుచేత రానూ పోనూ ఓడలోనే వెళ్ళడం ఉత్తమమని తొలిచూపులో అనిపిస్తుంది.

కాని ఇక్కడ ఒక మెలిక ఉన్నది. రెగ్యులర్ ఉద్యోగికి సంపాదిత సెలవు ఉంటుంది. సముద్రం మీద గడచిన రోజుకు కూడా జీతం వస్తుంది. కాంట్రాక్టు కార్మికునికి పనికి రాని రోజుకు కూలి లేదు. తిరుగు ఓడ కోసం అక్కడ వేచి ఉండవలసిన రోజులు, ఓడలో గడిచే రోజులు కలుపుకొంటే, టిక్కెట్టులో మిగిలిన డబ్బు కూలి నష్టంలో కలసిపోతుంది. మా మిత్రునికి పోయే ప్రతి దినపు కూలిని కూడా యాత్ర ఖర్చుగానే కాగితం మీద వేసి చూశాము. వెళ్ళేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు చెన్నై వరకు విమానం, అక్కడి నుండి విశాఖకు రాత్రి రైలు అన్న ఏర్పాటు అతనికి అన్నిటికంటే తక్కువ భారమని తేలింది. మిగిలిన మాకు అది కొంచెం ఎక్కువ ఖర్చు. అయినా అతనికి చౌకైనదే బృందానికి చౌక అని భావించాము. పోయే కూలిని పూడ్చుకోవడానికి అతడు ఆ ఏడాదిలో వీలైనప్పుడల్లా అదనపు షిఫ్టులు చేశాడు.

తలకు 18,000 రూపాయలను మేము ఇలా విభజించుకొన్నాము. ప్రయాణానికి 9,000. బసకు 2,700. భోజనానికి 2,160. స్థానిక బస్సులు, పడవలు, ప్రవేశ రుసుములకు 2,340. అత్యవసర నిధి 1,800. ఛార్జీలు ఏటేటా మారుతుంటాయి కనుక ఈ అంకెలను యథాతథంగా స్వీకరించవలదు. నిష్పత్తులు మాత్రం ఉపయోగపడతాయి. సగం ప్రయాణానికి, పదవ వంతు ఆపద్ధర్మానికి కేటాయించి, తక్కినది మిగిలిన మూడు పద్దులకు పంచుకోవాలి. అత్యవసర నిధిని ఎంత ప్రలోభం కలిగినా షికారుకు వాడరాదు. మా బృందంలో ఒకరికి అక్కడ జ్వరం వచ్చినప్పుడు ఆటోకు, మందులకు అక్కరకు వచ్చింది ఆ నిధియే.

పొదుపు సొమ్మును ఒకరి చేతిలో పెట్టలేదు. ఎవరి పేరున వారు బ్యాంకులో ఏడాది రికరింగ్ డిపాజిట్ తెరిచారు. మధ్యలో ఎవరైనా విరమించుకొంటే వారి సొమ్ము వారి వద్దనే ఉంటుంది, తగవుకు తావుండదు. యాత్రకు నెల ముందు మాత్రమే సొమ్ము ఉమ్మడి సంచిలోకి చేరింది.

ఎల్‌టీసీ ఉన్న ఉద్యోగులకు ఇక్కడ ఒక మనవి. ప్రయాణ రాయితీ నియమాలు సంస్థ సంస్థకూ వేరుగా ఉంటాయి. తరగతి, మార్గం, టిక్కెట్టు కొనవలసిన విధానం ముందుగా సిబ్బంది విభాగాన్ని అడిగి తెలుసుకోవాలి. ఆ రాయితీ ప్రయాణానికే గాని బసకు, భోజనానికి వర్తించదు. మా బృందంలో ఎల్‌టీసీ వాడుకొన్నవారు కూడా ఉమ్మడి సంచిలో సమానంగానే వేశారు. తరువాత వచ్చిన రాయితీ వారి సొంతం. ఈ సంగతి ముందే మాట్లాడుకోవడం వలన ఎవరి మనసులోనూ వెలితి మిగలలేదు.

ఓడ మీద

బంక్ తరగతి అంటే వరుసలుగా మంచాలు అమర్చిన పెద్ద హాలు. ఒకదానిపై ఒకటిగా పడకలు, సామాను పెట్టుకొనేందుకు కొంచెం చోటు ఉంటాయి. క్యాబిన్లలోని ఏకాంతం ఉండదు గాని కాలక్షేపానికి కొదవ ఉండదు. ఓడ క్యాంటీన్‌లో సాదా భోజనం దొరుకుతుంది. మన నాలుకకు తోడుగా జంతికలు, చెగోడీలు, కారప్పొడి, ఆవకాయ, మొదటిరోజుకు పులిహోర తీసుకువెళ్ళాము. భోజనపు పద్దు 2,160 లోపల నిలవడానికి ఇళ్ళలోని ఆడవారు కట్టి ఇచ్చిన డబ్బాలే ప్రధాన కారణం.

సముద్రపు ఊపుకు తల తిరగడం, వాంతులు కావడం సహజం. మాలో ముగ్గురు మొదటి రాత్రి పడక దిగలేదు. బయలుదేరే ముందే వైద్యుని సలహాతో మాత్రలు తీసుకోవాలి. ఖాళీ కడుపుతో గాని, నిండు కడుపుతో గాని ఉండరాదు. డెక్ మీదకు వచ్చి దిగంతం వైపు చూస్తూ నిలబడితే కొంత ఉపశమనం కలుగుతుంది. రెండవనాటికి శరీరం అలవాటు పడుతుంది. మూడవనాడు డాల్ఫిన్లు కనిపించాయని ఎవరో కేక వేయగానే పడక దిగని ఆ ముగ్గురే అందరికంటే ముందు పరుగెత్తారు.

ఓడ చేరే తేదీకి, తిరుగు విమానానికి మధ్య ఒకటి రెండు ఖాళీ రోజులు ఉంచుకోవడం తప్పనిసరి. సముద్రం, వాతావరణం మన కాలపట్టికను అనుసరించవు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపానుల కాలం. మే నెల నుండి అక్కడ నైరుతి రుతుపవనాల వానలు. అందుచేత జనవరి మొదలు ఏప్రిల్ వరకు ఉన్న కాలం పొదుపు యాత్రికునికి క్షేమకరం. వాన వలన ఒక రోజు వృథా కావడమంటే ఒక రోజు బస, భోజనం వృథా కావడమే.

వండూర్ పేరులోని కథ

హడ్డో రేవులో ఓడ దిగి, ఆ రాత్రి నగరంలో విశ్రమించి, మరునాడు మోహన్‌పురా బస్‌స్టాండులో వండూర్ బస్సు ఎక్కాము. గారాచర్మ దాటి సిప్పీఘాట్ చేరేసరికి రోడ్డు పక్కన నీట మునిగిన పొలాలు కనిపిస్తాయి. 2004 డిసెంబరు 26 నాటి భూకంపంలో ఈ ప్రాంతపు నేల కుంగిపోయింది. సునామీ వెనక్కు తగ్గినా, కుంగిన పొలాలలోకి చేరిన సముద్రపు నీరు మాత్రం తిరిగి పోలేదు. వరి పండిన చోట ఇప్పుడు ఆటుపోట్లు.

వండూర్ అన్న పేరు వినగానే మా టెక్నీషియన్లలో ఒకరు, "ఇదేదో మన వైపు పేరులా ఉందే" అన్నారు. ఆయన ఊహ పూర్తిగా తప్పు కాదు. చివరనున్న 'ఊర్', మన నెల్లూరులో, గుంటూరులో ఉన్న ఊరే. కాని ఈ ఊరు పేరు కేరళ నుండి వచ్చింది. మలబారులో, నేటి మలప్పురం జిల్లాలో, వండూర్ అనే ఊరు ఉంది. 1921 నాటి మలబారు తిరుగుబాటులో శిక్షపడిన మాప్పిళ్ళలను 1922 నుండి అండమాన్‌కు తరలించారు. తరువాత వారిలో పలువురు తమ కుటుంబాలను రప్పించుకొని, అడవి నరికి, పొలాలు చేసుకొని ఇక్కడే స్థిరపడ్డారు. తాము ఏర్పరచుకొన్న ఊళ్ళకు తాము విడిచివచ్చిన ఊళ్ళ పేర్లు పెట్టుకొన్నారు. దక్షిణ అండమాన్ పటంలో వండూర్‌తో పాటు కాలికట్, మంజేరి, తిరూర్, మన్నార్‌ఘాట్ అన్న పేర్లు కనిపించడానికి కారణం ఇదే. తిరిగి వెళ్ళలేని ఊరిని పేరు రూపంలో తెచ్చుకొన్నారన్న మాట.

దేశవిభజన తరువాత తూర్పు పాకిస్తాన్ నుండి వచ్చిన బెంగాలీ శరణార్థులకు 1949 నుండి ఈ దీవులలో భూములిచ్చి స్థిరపరచారు. ఉపాధి కోసం తమిళులు, రాంచీ ప్రాంతపు ఆదివాసులు, తెలుగువారు వచ్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. వీరిలో అధికులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలనుండి చేపలవేటకు, కూలి పనులకు వచ్చి స్థిరపడినవారే. వండూర్ దారిలో ఒక టీ దుకాణం ముందు మేము తెలుగులో బేరమాడుతుండగా లోపలి నుండి ఒక పెద్దావిడ, "ఏ ఊరు బాబూ మీది? ఇశాపట్నమా?" అంటూ బయటకు వచ్చింది. ఆమె తండ్రి ఉద్దానం నుండి వచ్చాడట. తాను ఒక్కసారి మాత్రమే అక్కడికి వెళ్ళిందట. "మా అయ్య ఊరు సూసొచ్చినాను గానీ, మా ఊరంతే ఇదే గదా" అంది. మాప్పిళ్ళల వండూర్ కథకు మన తెలుగు వ్యాఖ్యానం ఆమె నోట విన్నట్లయింది.

గాజు అడుగున కనిపించే లోకం

వండూర్ రేవు మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానవనానికి ముఖద్వారం. 1983లో ఏర్పడిన ఈ ఉద్యానవనం విస్తీర్ణం 281.5 చదరపు కిలోమీటర్లు. ఇందులో 15 ద్వీపాలు ఉన్నాయి. సందర్శకులను అనుమతించేది జాలీ బోయ్, రెడ్ స్కిన్ అనే రెండింటికి మాత్రమే. అది కూడా ఒకేసారి కాదు. కొన్ని నెలలు ఒక ద్వీపం, కొన్ని నెలలు రెండవది. ఒకటి తెరిచి ఉండగా రెండవదానికి విశ్రాంతి లభిస్తుంది. మేము వెళ్ళిన ఫిబ్రవరిలో జాలీ బోయ్ తెరిచి ఉంది. సోమవారం సెలవు. ప్రవేశ అనుమతి, పడవ టిక్కెట్టు ముందుగా పొందాలి. పడవల సంఖ్య పరిమితం కనుక రేవు దగ్గరకు వెళ్ళి చూసుకొందామనుకోరాదు.

రేవులో ఉద్యోగులు ప్రతి సంచిని తనిఖీ చేస్తారు. ప్లాస్టిక్ వస్తువులను ద్వీపం మీదకు పోనివ్వరు. నీటికి స్టీలు సీసాలు, తినుబండారాలకు స్టీలు డబ్బాలు తీసుకువెళ్ళడం మేలు. మన సంస్థలో భద్రతా తనిఖీకి అలవాటుపడిన మాకు ఈ క్రమశిక్షణ కొత్త కాలేదు.

పడవలో దాదాపు గంటసేపు మడ అడవుల మధ్య నుండి, పచ్చని ద్వీపాల నడుమ నుండి ప్రయాణం. జాలీ బోయ్ దగ్గర గాజు అడుగు గల చిన్న పడవలోకి మారితే కాళ్ళ కింద మరో లోకం తెరుచుకొంటుంది. జింక కొమ్ముల వంటి పగడాలు, మెదడు ఆకారపు పగడాలు, వాటి మధ్య రంగురంగుల చేపలు. పగడాలు రాళ్ళు కావు, మొక్కలూ కావు. సూక్ష్మమైన జంతువులు సున్నపు గూళ్ళు కట్టుకొని తరతరాలుగా నిర్మించిన కోటలవి. వాటి శరీరంలో నివసించే శైవలాలే వాటికి ఆహారాన్ని, రంగును ఇస్తాయి. సముద్రజలం మామూలు కంటే వేడెక్కినప్పుడు పగడాలు ఆ శైవలాలను బయటకు నెట్టివేస్తాయి. అప్పుడు తెల్లగా పాలిపోతాయి. వేడి త్వరగా తగ్గకపోతే మరణిస్తాయి. 1998లోను, 2010లోను అండమాన్ పగడాలు ఈ విధంగా తీవ్రంగా పాలిపోయాయి. గాజు కింద రంగుల తోటల నడుమ బూడిదరంగు దిబ్బలు కూడా కనిపించాయి.

మా కాంట్రాక్టు మిత్రుడు ఆ గాజు మీదకు వంగి ఎంతోసేపు మాట్లాడలేదు. తరువాత, "మా పిల్లకు ఇది ఎలా చెప్పాలండీ?" అని మాత్రం అన్నాడు. ఫోటోలు చూపిస్తే చాలునన్న మనిషి నోటి నుండి వచ్చిన ఈ ప్రశ్న, ఏడాది పాటు మేము వేసిన లెక్కలన్నిటికీ వడ్డీతో సహా లభించిన ఫలం.

వండూర్ తీరంలో కొన్ని జాగ్రత్తలు పాటించాలి. ఈ ప్రాంతంలో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి. హెచ్చరిక బోర్డులను ఖాతరు చేయకుండా నీటిలోకి దిగరాదు. అధికారులు అనుమతించిన చోటనే స్నానం చేయాలి. పగడపు ముక్కలు తీసుకురావడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. తీరాన ఊరికే పడి ఉన్నాయని గవ్వలు, పగడాలు సంచిలో వేసుకొంటే విమానాశ్రయపు తనిఖీలో ఇబ్బంది పడవలసి వస్తుంది. గాలింపులో దొరకవు గదా అన్న తెలివి వద్దు.

పొద్దు విషయంలోనూ మెలకువ అవసరం. అండమాన్‌లోనూ భారత కాలమానమే అమలులో ఉన్నా, ఆ కాలమానానికి ఆధారమైన రేఖాంశానికి వండూర్ దాదాపు 10 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 40 నిమిషాలు ముందుగా సూర్యుడు ఉదయిస్తాడు, అంత ముందుగానే అస్తమిస్తాడు. ఫిబ్రవరిలో సాయంత్రం ఆరు కాకముందే చీకటి ముసురుకొంటుంది. తెల్లవారుజామున లేచేవారికే అక్కడ రోజు పూర్తిగా దక్కుతుంది.

సెల్యులర్ జైలు ముందు

వండూర్‌లో రెండు రాత్రులు గడిపి నగరానికి తిరిగివచ్చిన తరువాత సెల్యులర్ జైలు దర్శించాము. 1896లో నిర్మాణం ఆరంభమై 1906లో పూర్తి అయిన ఈ కారాగారానికి మధ్య గోపురం నుండి చక్రపు ఆకులవలె ఏడు భవనాలు ఉండేవి. నేడు మూడు మాత్రమే మిగిలాయి. ఒక భవనపు గదుల ముఖం మరొక భవనపు వెనుక గోడ వైపు ఉంటుంది. ఒక ఖైదీ మరొక ఖైదీ ముఖం చూడరాదన్నది ఆ నిర్మాణ రహస్యం. 1979లో దీనిని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

ఫోర్‌మన్ గారు తలచుకొంటూ వచ్చిన పేరు గాం మల్లుదొరది. అల్లూరి సీతారామరాజు అనుచరుడైన మల్లుదొర 1922-24 మన్యం పోరాటంలో పట్టుబడి, ద్వీపాంతరవాస శిక్షపై అండమాన్ చేరాడు. స్వాతంత్ర్యానంతరం 1952 ఎన్నికలలో ఆయనను విశాఖపట్నం నియోజకవర్గ ప్రజలు తొలి లోక్‌సభకు పంపారు. మనం ఓట్లు వేసే ఊరి నుండి, మనం నడిచే వీధుల నుండి ఎన్నికైన మనిషి ఆయన. ఒంటరి గది గడపలో నిలబడినప్పుడు ఆ దూరం ఎంతటిదో బోధపడింది. మేము రెండున్నర రోజులలో దాటిన సముద్రాన్ని ఆయన తిరిగి వస్తానన్న ఆశ లేకుండా దాటాడు.

తోటివారికి కొన్ని సూచనలు

మా అనుభవాన్ని సంగ్రహించి చెప్పాలంటే ఇవి ముఖ్యం.

బృందం పది మందిని మించకుండా ఉంటే మంచిది. గదులు నలుగురేసి పంచుకోవడానికి, బస్సులో కలసి కూర్చోవడానికి వీలు కలుగుతుంది. ఊరు నిర్ణయించే ముందు మొత్తం నిర్ణయించాలి. ఆ మొత్తాన్ని బృందంలో తక్కువ ఆదాయం గలవారు స్వయంగా చెప్పాలి, మిగిలినవారు దానికి ఒదగాలి. సెలవు దినాలకు కూడా వెల కట్టి చూడాలి. ఓడ తేదీలు, ఉద్యానవన అనుమతి ఖరారు కానిదే బసకు బయానా ఇవ్వరాదు. బసకు ప్రభుత్వ అతిథి గృహాలు, యూత్ హాస్టల్ వంటివాటిని ముందుగా విచారించాలి. గుర్తింపు కార్డులు అసలువి వెంట ఉండాలి. ప్రతి రాత్రి ఆనాటి పద్దు చదివి వినిపించాలి. ఎవరైనా సొంతానికి ఏమైనా కొనుక్కొంటే దానిని ఉమ్మడి లెక్కలో కలపరాదు. ఆదివాసుల రక్షిత ప్రాంతాలలో ప్రవేశించడం, వారి ఫోటోలు తీయడం చట్టవిరుద్ధమని అందరూ గుర్తుంచుకోవాలి.

తిరిగి వచ్చిన తరువాత లెక్క ముగించగా తలకు 1,100 రూపాయలు మిగిలాయి. ఆ సొమ్మును పంచుకోవాలా, దాచుకోవాలా అన్న చర్చ వచ్చినప్పుడు, మా మిత్రుడే ముందుగా, "మళ్ళీ ఏడాదికి ఉంచేద్దామండీ. ఈసారి పిల్లలను కూడా తీసుకుపోదాం" అన్నాడు. అందరూ సరేనన్నారు. ఏ ఊరన్నది ఇంకా నిశ్చయం కాలేదు. నెలకు ఎంతన్నది మాత్రం నిశ్చయమైంది. ఈసారి కూడా ఆ అంకెను చెప్పింది అతడే.

మన విభాగాలలో, మన కాలనీలలో ఇటువంటి బృందాలు మరిన్ని ఏర్పడాలని కోరుకొంటున్నాము. యాత్రకు కావలసింది పెద్ద మొత్తం కాదు, ముందుచూపు, దాపరికం లేని లెక్క, తోటివాని పరిస్థితిని అతడు చెప్పకముందే గ్రహించగల మనసు. ఈ మూడూ ఉన్నచోట అండమాన్ సముద్రం కూడా దాటరానిది కాదు.